శుక్రవారం నిప్పు

పోయిన శుక్రవారం పొద్దున్నే తడి కట్టెల పొగ వాసన తగిలి మెలకువ వచ్చింది. బెళ్ళందూరులో మా మనవరాలి ఇంట్లో పొగ వాసన రావడమే వింత. ఆ ఇంట్లో నిప్పన్నది లేదు. నల్లటి గాజు పలక లాంటి పొయ్యి ఒకటి ఉంది. దాని మీద మంట ఉండదు, గిన్నె పెడితే మాత్రం పాలు పొంగుతాయి. దేవుడి దీపం కోసమని నేనొక అగ్గిపెట్టెను కొంగున ముడివేసుకుని తిరుగుతుంటాను. "అవ్వా, జాగ్రత్త, కాల్చుకుంటావు" అని మనవరాలు రోజూ చెబుతుంది. ఎనభై మూడేళ్ళలో సగం పొయ్యి ముందరే గడిపినదాన్ని. ఆ పిల్ల నాకు జాగ్రత్తలు చెబుతుంటే నవ్వొస్తుంది, కాస్త కోపం కూడా వస్తుంది.

మాది కింది అంతస్తు. వరండాలోకి వచ్చి చూస్తే నడుమెత్తు గోడకు అవతల, కొత్తగా లేస్తున్న కట్టడం కూలీల రేకుల షెడ్డు కనపడుతుంది. రాత్రంతా వాన కురిసింది. ఒకామె మూడు రాళ్ళ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుతూ ఉంది. ఎంత ఊదినా పొగే తప్ప మంట లేదు. చంకలో బిడ్డ ఆకలికి ఏడుస్తోంది. కాసేపటికి ఆ పొగ కూడా ఆగిపోయింది. ఆమె తలెత్తి నన్ను చూసి గోడ దగ్గరికి వచ్చింది. "అవ్వా, పుల్లలన్నీ నానిపాయ. రవంత నిప్పుంటే ఇయ్యవా?" అంది. మన తెలుగే, కదిరి వైపు యాస. ఇద్దామని కొంగు ముడి మీద చెయ్యి వేశాను గాని, నోట్లో నుంచి మాత్రం "ఈ పొద్దు శుక్..." అని సగం మాట వచ్చి ఆగిపోయింది. ఆ మాట నాది కాదు. అరవై ఏళ్ళ కిందట పోయిన మునెమ్మత్తది. ఆ సగం మాట దగ్గర నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. అదేమిటో చెప్పాలంటే ముందు మునెమ్మత్త ఎవరో చెప్పాలి.

నన్ను ఈ పట్నంలోనే ఉన్న బళేపేటకు కోడలిగా తెచ్చేనాటికి నాకు పదహారేళ్ళు. పుట్టిల్లు హొసకోటెకు అవతల చిన్న పల్లె. మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయింది గనక ఇంట్లో మా మామ, మా ఆయన, నేను, ముగ్గురమే. మా ఆయన గాజుల అంగడిలో పని చేసేవాడు. ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అని చెప్పే ఆడదిక్కు లేని ఇల్లు మాది. అత్త లేని కోడలు ఉత్తమురాలని నవ్వుతూ అంటారు గాని, ఎసట్లో బియ్యం ఎన్ని పొయ్యాలో తెలియని పిల్లకు ఆ ఉత్తమత్వం ఏం చేసుకోవడానికి? మేమున్నది ఒక వఠారం. పొడుగాటి నడవకు ఒక పక్కన వరసగా ఆరు ఇళ్ళు, చివర అందరికీ కలిపి ఒక కొళాయి. యుద్ధం జరుగుతున్న రోజులవి. బియ్యానికి చీటీ, కిరసనాయిలుకు చీటీ. అగ్గిపెట్టె దొరికితే ఆ రోజు పండగే. ఈ కాలం పిల్లలకు చెబితే నమ్మరు: పక్కింటి నుంచి పాలలోకి తోడు తెచ్చుకున్నట్టు, ప్రతి పొద్దూ నిప్పు అడిగి తెచ్చుకునేవాళ్ళం.

ఆ వఠారానికంతటికీ నిప్పు ఇచ్చేది మునెమ్మత్త. మా పక్కిల్లే. బొరుగులు వేయించి అమ్ముకుని బతికే విధవరాలు. పెద్ద మూకుట్లో ఇసుక కాగుతూ ఉండేది, పిడికెడు బియ్యం అందులో పడగానే చిటపటమని తెల్లగా లేచేవి, వాటిని చీపురుపుల్లల కట్టతో ఒక్క విసురున జల్లెడలోకి తోసేది. చేతుల నిండా కాలిన మచ్చలు. పొట్టి మనిషి, పెద్ద నోరు. ఆమె ఇంట్లో పొయ్యిలో పిల్లి పడుకోవడమన్నది ఎవరూ ఎరగరు. పగలంతా మంట, పని అయిపోయాక బూడిద కింద నిప్పు.

నేను కాపురానికి వచ్చిన నాలుగో రోజు మా పొయ్యి చల్లబడింది. పెంకు మీద పిడక ముక్క పెట్టుకుని భయం భయంగా ఆమె గడప దగ్గర నిలబడ్డాను. "అత్తా, మా నిప్పు ఆరిపాయ. రవంత నిప్పియ్యత్తా" అన్నాను. ఇసుక కలుపుతున్న చెయ్యి ఆగింది.

"ఏమంటివే? ఇంగొకతూరి అను" అంది.

నేను మళ్ళీ అదే అన్నాను. మూకుడు దించి లేచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. "ఆరిపాయ, చచ్చిపాయ అనే మాటలు ఈ గడప కాడ అనగూడదు. కొండెక్కె అనల్ల. దీపానికైనా అంతే, పొయ్యికైనా అంతే. యాదీ, అను."

"కొండెక్కె, అత్తా."

"ఆఁ, అట్ల. పట్టు పెంకు."

దీపం కొండెక్కిందనడం అందరూ ఎరిగినదే. పొయ్యి కూడా కొండెక్కుతుందని నేను ఆమె దగ్గరే విన్నాను. ఆ సంగతి చెబితే మా ఆయన పడీ పడీ నవ్వాడు. "మునెమ్మత్త కాడ ఏదీ ఆరదు, అన్నీ కొండెక్కేవే. ఈపాటికి నందిబెట్ట కొండ మీద కాలు పెట్టను తావుండదు" అన్నాడు. మర్నాడు ఆ మాట నేనే పోయి ఆమెకు చేరవేశాను. ఆమెకూ నవ్వొచ్చింది. అప్పటి నుంచి నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

నిప్పును కప్పి ఉంచడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అదొక విద్య అంటే నేటివాళ్ళకు అర్థం కాదు. చింత మొద్దు బాగా కాలి లోపల ఎర్రగా ఉండాలి. దాని పక్కన ఎండిన పిడక నిలబెట్టాలి. పైన మెత్తటి బూడిద, గట్టిగా అదమకుండా, వేళ్ళతో రాలుస్తూ కప్పాలి. నేను మొదట్లో గుప్పిళ్ళతో పోసేదాన్ని. "అది గోరీ అనుకుంటివా, బిడ్డ అనుకుంటివా?" అని చెయ్యి పట్టుకుని ఆపింది. "బిడ్డకు దుప్పటి కప్పినట్ల కప్పల్ల. ముకం మూయగూడదు. ఊపిరాడక సచ్చి... కొండెక్కతాది." తనే తప్పు మాట అనబోయి నాలుక కరుచుకుంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకొక నియమం కూడా ఉండేది. మంగళవారం, శుక్రవారం నిప్పు గడప దాటకూడదు, ఇంటి లక్ష్మి దానితోపాటు పోతుందని. ముందటి రోజు మాపటివేళే తీసుకుపోయి ఎవరిది వాళ్ళు కాపాడుకోవాలి. ఎంతటివాళ్ళు అడిగినా ఆ రెండు రోజులూ ఆమె ఇచ్చేది కాదు.

ఆ నిప్పంటే ఆమెకు అంత పట్టు ఎందుకో కొన్నాళ్ళకు తెలిసింది. ఆమెకు ఒక్కడే కొడుకు, రామాంజి. నేను వచ్చేటప్పటికే మిలిటరీలో చేరి బర్మా వైపు పోయాడు. నేనతన్ని ఎన్నడూ చూడలేదు. గోడకు తగిలించిన చొక్కా ఒకటి చూశాను, అంతే. ఒక మధ్యాహ్నం బొరుగులు చెరుగుతూ చెప్పింది.

"తల్లి ముందర బీడీ తాగే కొడుకు గాదు వాడు. పొయ్యే పొద్దు మాత్రం పొయ్యి కాడ వంగి, కొరివితో బీడీ ముట్టించుకునె. నేను చూడనట్ల గోడ పక్కకు తిరిగితి. సూసింటే బాగుండు, రత్నా. ముకం సూసింటే బాగుండు."

కాసేపు చేట ఆడింది. "వాడు బీడీ ముట్టించుకున్న నిప్పే ఇది. వాడొచ్చేదాంక దీన్ని కొండెక్కనియ్యను. ఇది ఉన్నెన్నాళ్ళు వాడు ఉంటాడు" అంది. ఈ మాట వఠారంలో ఇంకెవరికీ చెప్పలేదని నాకు తర్వాత తెలిసింది. నాకెందుకు చెప్పిందో ఇప్పటికీ తెలియదు. అత్త లేని కోడలికి, కోడలు లేని అత్తకు ఒకరి అవసరం ఒకరికి ఉండి ఉంటుంది.

మొదట్లో నెలకొక కార్డు వచ్చేది. చివరింట్లో ఉండే మేష్ట్రు చదివి వినిపించేవాడు. తర్వాత రెండు నెలలకొకటి అయింది. తర్వాత పోస్టుమ్యాను మా నడవ వైపు తిరగడమే మానేశాడు. మునెమ్మత్త మాట తగ్గింది. నిప్పు మీద ధ్యాస పెరిగింది. పనిలో ఉన్నా అరగంటకొకసారి పొయ్యి వైపు చూసుకునేది. అట్లా అయిదు నెలలు గడిచాక, రామాంజితోపాటు పని చేసిన సిపాయి ఒకడు గాయపడి హొసకోటె పక్కన తన ఊరికి వచ్చాడని కబురు తెలిసింది. పోయి అడిగి వస్తానని ఆమె లేచింది. ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎత్తు వస్తే జనం దిగి తోసేవాళ్ళు. ఆ పొద్దు పోతే మర్నాటికి గాని తిరిగి రాలేదు. పోయేముందు ఇంటి తాళం నా చేతిలో పెట్టింది. "రత్నా, పొయ్యి నీ చేతిలో ఉండాది" అని, ఒక్క మాటే చెప్పి పోయింది.

అది శుక్రవారం. మా ఇంట్లో నిప్పు ఆ తెల్లవారేసరికే కొండెక్కి ఉంది. శుక్రవారం గనక ఎవరి ఇంటి నుంచీ తేవడానికి లేదు. మా ఆయన అంగడికి పోయి ఎక్కడో బతిమాలి రెండు అగ్గిపుల్లలు తెచ్చి ఇస్తే మా పొయ్యి ముట్టించుకున్నాను. తర్వాత అత్త ఇంటికి పోయి ఆమె పొయ్యి చూశాను. ఎర్రగా, చక్కగా ఉంది. అప్పుడే బయట వాన మొదలైంది, పెంకుల సందుల్లోంచి జల్లు పొయ్యి దాకా వస్తోంది. నాకు భయం పట్టుకుంది. నిప్పు తడుస్తుందేమోనని బూడిద ఇంకొంచెం రాల్చాను. మళ్ళీ పోయి చూసి ఇంకొంచెం కప్పాను. ఎన్నిసార్లు పోయానో, ఎంత కప్పానో. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పోయి బూడిద తీసి ఊదాను. బూడిదే లేచి కళ్ళలో పడింది. మొద్దు కింద వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది. ముఖం మూయకూడదని చెప్పిందే, ఆ ముఖమే మూసేశాను. నిర్లక్ష్యం వల్ల పోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. అతి జాగ్రత్త వల్ల పోయింది.

ఎవరికీ చెప్పలేదు. ఏడవడానికి కూడా భయపడ్డాను. మా పొయ్యిలోంచి ఒక కణిక పెంకులో వేసుకుని, కొంగు చాటున పెట్టుకుని, పట్టపగలు దొంగలాగా నాలుగు అడుగుల నడవ దాటి తెచ్చి ఆమె పొయ్యిలో పెట్టాను. పిడక నిలబెట్టి, ఊది, ఎర్రబడ్డాక మెల్లగా బూడిద రాల్చాను. ఈసారి ముఖం వదిలాను. చూసేవాళ్ళకు ఏ తేడా లేదు. అగ్గిపుల్ల నిప్పుకూ ఆ కొడుకు బీడీ ముట్టించుకున్న నిప్పుకూ రంగులో తేడా ఏముంటుంది? తేడా నా కడుపులోనే ఉండింది.

శనివారం మాపున ఆమె వచ్చింది. నడవ మొదట్లోనే కేక వినపడింది. "ఉండాడంటనే రత్నా! మా రామాంజి ఉండాడంట! జరం వచ్చి ఆస్పత్రిలో ఉండాడంట. ఆ పిల్లోడు కండ్లారా చూసినాడంట!" కాళ్ళు కడుక్కోలేదు, మూట దించలేదు. నేరుగా పొయ్యి దగ్గరికి పోయి వంగి, బూడిద పక్కకు జరిపింది. లోపల ఎర్రగా ఉంది. నా వైపు తిరిగి నవ్వింది. అంత పెద్ద నవ్వు ఆమె ముఖంలో నేనెన్నడూ చూడలేదు. "సూడే, ఇదీ ఉండాది. వాడూ ఉండాడు" అంది. ఆ ముఖం చూశాక ఎట్లా చెప్పేది? ఆ రాత్రి అన్నం సయించలేదు.

మూడు వారాల తర్వాత ఖాకీ రంగు కవరు వచ్చింది. అందులో ఉన్నది ఇంగ్లీషు. మేష్ట్రు నడవలో నిలబడి మనసులోనే చదువుకున్నాడు. చదివి, మడిచి, మళ్ళీ విప్పాడు. మేమందరం చుట్టూ ఉన్నాం. మునెమ్మత్త చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "ఏమి రాసినాడు మేష్ట్రే? జరం తగ్గిందంటనా?" అంది.

"మునెమ్మా," అన్నాడాయన. "రామాంజి లేడమ్మా."

ఏ రోజు అని ఎవరో అడిగారు. ఆయన కాగితం చూసి, ఫలానా వారం మంగళవారం అన్నాడు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. నేను నిప్పు ముఖం మూసిన శుక్రవారం తర్వాత వచ్చిన మంగళవారం అది.

మునెమ్మత్త ఏడవలేదు. కేక కూడా వెయ్యలేదు. లోపలికి పోయి, చెంబెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో పోసింది. సుయ్యిమని ఒక చప్పుడు, ఇంటి నిండా తడి బూడిద వాసన. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు, అది ఆచారమే. కాని ఎవరూ అట్లా నీళ్ళు పోసి ఆర్పరు. ఆమె ఆర్పింది ఆ కొడుకు నిప్పు కాదని, మూడు వారాలుగా కాదని, ఆ నడవలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. గోడకు ఆనుకుని నిలబడి ఆ చప్పుడు విన్నాను. ఇప్పటికీ వేడి పెనం మీద నీళ్ళు పడితే నేను వంటింట్లో ఉండలేను.

దినాలు అయ్యేదాకా వఠారంలో వంతులు వేసుకుని ఆమెకు అన్నం పెట్టాం. నేను తీసుకుపోయినప్పుడు తలెత్తకుండా పెట్టి వచ్చేదాన్ని. ఆమె తిన్నదీ లేనిదీ చూసేదాన్ని కాను. ఆ పన్నెండు రోజుల్లో ఆమె కంట నీరు ఎవరూ చూడలేదు. "ఏడ్వల్ల, లేకుంటే మనిషికి పిచ్చెక్కతాది" అని కొళాయి దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఒక చావుకు నేనే కారణమన్న నమ్మకం నాలో పాతుకుపోయింది. పదిహేడేళ్ళ పిల్లకు ఎవరు చెబుతారు, బర్మాలో జ్వరానికీ బళేపేటలో బూడిదకూ సంబంధం లేదని? చెప్పినా నమ్మేదాన్ని కాను.

పన్నెండో రోజు పొద్దున మా గడప ముందు నీడ పడింది. మునెమ్మత్త. చేతిలో పెంకు, అందులో పిడక ముక్క. ఇన్నేళ్ళలో ఒకరింటికి నిప్పుకు పోని మనిషి. "రత్నా, రవంత నిప్పియ్యి తల్లీ" అంది.

నేను పొయ్యి వైపు పోలేకపోయాను. ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాను. "అత్తా, నువ్వు హొసకోటెకు పోయిన పొద్దే అది కొండెక్కె. వాన పడతాదని నేనే ముకం మూసేస్తి. మా పొయ్యిలో నుంచి తెచ్చి పెట్టి నీకు చెప్పకుంటి. నా వల్లనే అత్తా, నా వల్లనే..."

కొళాయి కింద బిందె నిండి పొర్లుతోంది, దాన్ని తీసేవాళ్ళు లేరు. ఆమె గొంతుక్కూర్చుని, కాలిన మచ్చల చేతితో నా గడ్డం పట్టి ఎత్తింది.

"మీ పొయ్యిలో నుంచే గదా తెచ్చినావు?"

"అవునత్తా."

"మీ పొయ్యిలో ఉండింది నా నిప్పే గదా? గురువారం మాపటేళ నా కాడ్నుంచి తీసకపోయిండేదే గదా?"

ఆ కళ్ళు నా నోటి వైపే చూస్తున్నాయి. కాదత్తా, అది తెల్లారేసరికి కొండెక్కింది, మాది అగ్గిపుల్ల నిప్పు అని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను. "అవునత్తా. అది నీ నిప్పే" అన్నాను.

"అట్లయితే యాడ కొండెక్కెనే? నా ఇంట్లో నుంచి నీ ఇంటికి పాయ, నీ ఇంట్లో నుంచి మళ్ళా నా ఇంటికి వచ్చె. అంతే గదా?"

"అంతే అత్తా."

"మా వాడు పొయ్యేతప్పుడు నిప్పు ఉండింది."

"ఉండింది అత్తా."

అప్పుడు ఏడ్చింది. నా భుజం మీద తల పెట్టి, పన్నెండు రోజుల ఏడుపూ ఒక్కసారి ఏడ్చింది. నా రవికె తడిసిపోయింది. లోపలి నుంచి మా మామ వచ్చి చూసి వెనక్కి పోయాడు. ఏడుపు అయ్యాక ముఖం తుడుచుకుని, "ఇంగ నిప్పియ్యి" అంది. ఇచ్చాను. నిజం చెప్పడానికి కూర్చుని అబద్ధంతో లేచాను. చావు మాట అట్లుంచితే, నా మీద ఇది రెండో బరువు అయింది.

ఆ తర్వాత అయిదేళ్ళు బతికింది. యుద్ధం ఆగింది, స్వాతంత్ర్యం వచ్చింది, అంగళ్ళలో అగ్గిపెట్టెలు గుట్టలుగా వచ్చాయి. ఒకటో ఇంటివాళ్ళు పంపు స్టవ్వు కొన్నారు. అది బుస్సుమని మండుతుంటే వఠారమంతా పోయి చూసి వచ్చాం. ఒక్కొక్కరే నిప్పుకు రావడం మానేశారు. పొద్దున్నే గడప దగ్గర నాలుగు పెంకులు ఉండే చోట రెండు, తర్వాత ఒకటి, అది నాది. "ఎవురూ రాలేదానే ఈ పొద్దు?" అని ఆమె అడిగేది. "వస్తారులే అత్తా" అనేదాన్ని. మా ఇంట్లో గూటి నిండా అగ్గిపెట్టెలు పెట్టుకుని రోజూ ఆమె దగ్గర నిప్పు తెచ్చుకునేదాన్ని. మా ఆయన, "ఏమే, అంగడిలో అగ్గిపెట్టెలకు దినాలు పెడతారా ఏమి నీ వల్ల?" అని ఎగతాళి చేసేవాడు. నేను పోయేది నిప్పు కోసం కాదని ఆయనకు చెప్పలేదు. నేనన్న అబద్ధాన్ని రోజుకు కొంచెం నిజం చేద్దామని పోయేదాన్ని.

ఆఖరి మూడు రోజులు ఆమె చాప మీద నుంచి లేవలేదు. బొరుగుల మూకుడు బోర్లించి ఉంది. నేను గంజి తాపుతుంటే, "పొయ్యి సూడే" అంది. పోయి చూశాను. చల్లబడి ఉంది. "ఉండాది అత్తా" అని చెప్పి, ఆమె కన్ను మూసుకోగానే మా ఇంటికి పరుగెత్తాను. ఈసారి మా పొయ్యిలో ఉన్నది నిజంగా ఆమె దగ్గర తెచ్చుకున్నదే. తెచ్చి పెట్టి, ఊది, ఎర్రబడ్డాక ఆమె తల కొద్దిగా ఎత్తి చూపించాను. "ఆఁ" అంది. మర్నాడు పోయింది. పాడె ముందర కుండలో పట్టుకుపోయిన నిప్పు ఆ పొయ్యిలోదే.

ఇన్నేళ్ళూ నేను మోసింది ఆ "అవునత్తా" అన్న మాటనే. బిడ్డ పోయిన తల్లిని మోసం చేశానని. మంచికే గదా అని ఎంత సర్దిచెప్పుకున్నా, చనిపోయినవాళ్ళకు చెప్పుకోవడానికి తావు లేదు గదా.

పోయిన శుక్రవారం ఆ కూలిమనిషి గోడ దగ్గర నిలబడి నిప్పడిగినప్పుడు, "ఈ పొద్దు శుక్..." అని నా నోట సగం మాట వచ్చిందని చెప్పాను గదా. ఆ సగం మాటతో మిగతా సగం ఆమె గొంతులో వినపడింది. ఆ శుక్రవారం పొద్దున, ఆమె హొసకోటె బస్సుకు బయలుదేరుతుండగా, నేను పెంకు పట్టుకుని ఆమె గడప దగ్గరికి పోయాను. అరవై ఆరేళ్ళు ఆ సంగతి నాకు గుర్తే లేదు. నా తప్పు తలచుకోవడంలోనే మునిగిపోయి, దానికి ముందు జరిగింది మరచిపోయాను.

"కొండెక్కెనా?" అని అడిగింది మూట కట్టుకుంటూ.

"కొండెక్కె అత్తా. రవంత..."

"ఈ పొద్దు శుక్కురారం గదే. నిప్పు గడప దాటగూడదు. మీ ఆయన్ను అగ్గిపుల్లలు తెమ్మను."

అంటే మా పొయ్యి ఆ పొద్దు చల్లగా ఉందని ఆమెకు తెలుసు. నేను ముట్టించింది అగ్గిపుల్లతోనని తెలుసు. తెలిసే నా గడ్డం పట్టుకుని, అది నా నిప్పే గదా అని అడిగింది. తెలిసే నా నోటి వైపు చూసింది. పెంకు పట్టుకుని వచ్చి నిప్పు అడిగినట్టే ఆ మాట కూడా నన్ను అడుక్కుంది. నేను ఇచ్చాను. ఇన్నేళ్ళూ మోసం చేశాననే అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని. అంత పెద్ద మనిషి, పదిహేడేళ్ళ పిల్ల దగ్గర చెయ్యి చాపింది, నా మీద ఒక్క మాట పడకుండా. వరండాలో నిలబడి ఏడ్చేశాను.

"ఏమవ్వా, లేదా?" అంది గోడ అవతల ఆమె, నా ఏడుపు చూసి కంగారుగా.

"ఉండాది తల్లీ" అన్నాను. కొంగు ముడి విప్పి అగ్గిపెట్టె మొత్తం ఆమె చేతిలో పెట్టాను. శుక్రవారమే. కాసేపటికి షెడ్డు ముందు మంట లేచింది. బిడ్డ ఏడుపు ఆగింది. నేను స్నానం చేసి దేవుడి ముందు కూర్చున్నాక గాని గుర్తు రాలేదు, దీపం ముట్టించడానికి నా దగ్గర ఒక్క పుల్ల లేదని. మనవరాలు నిద్ర లేవలేదు. గాజు పొయ్యితో దీపం వెలగదు.

మట్టి ప్రమిదలో వత్తి వేసుకుని గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆమె అన్నం కలుపుతూ తలెత్తింది.

"రవంత నిప్పియ్యి తల్లీ" అన్నాను.